నాగపూర్‌లో పిడికెడు బియ్యం

నా చిన్నప్పుడు, మూడో తరగతి సగంలో ఉండగా, నాన్నకు జగ్గయ్యపేట నుంచి నాగపూర్ బదిలీ అయింది. పేటలో నేను ఒక్క నిమిషం నోరు మూసుకుని ఉంటే ఒట్టు. నాగపూర్ వెళ్ళాక ఆ నోరే పడిపోయింది. బళ్ళో అంతా హిందీ. కొన్నాళ్ళకు అర్థమవడం మొదలైంది గానీ, తప్పు మాట్లాడితే నవ్వుతారని పెదవి విప్పేదాన్ని కాదు. ఎలాగైనా పేట వెళ్ళిపోవాలి, అంతే. ఇంకో ఆలోచన లేదు.

మాది క్రైస్తవ కుటుంబం. మా ఇళ్ళల్లో అన్నానికి బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు తీసి విడిగా డబ్బాలో వేస్తారు. అవి దేవుడివి. ఆదివారం చర్చిలో ఇచ్చేస్తారు. నాగపూర్‌లో చర్చి దూరం, అక్కడ ఈ పద్ధతి ఉందో లేదో కూడా మాకు తెలియదు. అయినా మాతో వచ్చిన మా నాయనమ్మ ఒక రేకు డబ్బా పెట్టుకుని, ఒక్క పూటా మానకుండా వేసేది. ఇవన్నీ ఏం చేస్తావని అడిగితే, "డబ్బా నిండాక పేట తీసుకెళ్ళి మన చర్చిలోనే ఇద్దాంలేవే" అంది. ఆవిడ మాటవరసకు అంది. నేను గట్టిగా పట్టుకున్నాను.

మర్నాటి నుంచి నాయనమ్మ స్నానానికి వెళ్ళగానే బస్తాలోంచి రెండు దోసిళ్ళ బియ్యం తీసి ఆ డబ్బాలో పోసేదాన్ని. దొంగతనం అనిపించలేదు. పోసేది దేవుడి డబ్బాలోనే కదా!

ఆ బస్తా పేట దగ్గరి చిల్లకల్లు నుంచి రైల్లో తెప్పించుకున్నది. నెలాఖరు దాకా రావలసిన బియ్యం నాలుగైదు రోజుల ముందే అడుగంటాయి. అమ్మ అనుమానం గిన్నెలు తోమడానికి వచ్చే మరాఠీ ఆవిడ మీదికి పోయింది. ఆవిణ్ణి అందరూ బాయి అనేవాళ్ళు. రేపటి నుంచి రావద్దని అమ్మ చెప్పేసింది. బాయి తడి చేతులు చీరకు తుడుచుకుని వెళ్ళిపోయింది. నేను తలుపు పక్కనే ఉన్నాను. దెబ్బలు పడతాయన్న భయం కొంత. అంతకంటే, చెబితే పేట ప్రయాణం ఆగిపోతుందన్న దిగులు ఎక్కువ. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

మర్నాడు నాయనమ్మ డబ్బా చంకన పెట్టుకుని, "నిండింది, పద" అంది. నేను ఎగిరి గంతేసి క్రిస్మస్ గౌను తొడుక్కున్నాను. తీరా ఆవిడ నన్ను తీసుకెళ్ళింది స్టేషన్‌కు కాదు, మా వెనక సందులో బాయి ఇంటికి. రోజూ తన పిడికిలితో వేసుకునే మనిషికి డబ్బా ఎప్పటికి నిండుతుందో తెలియకుండా ఉంటుందా? బాయి బయటికి రాగానే నాయనమ్మ ఆ గుమ్మంలోనే కూర్చుని, డబ్బా నా ఒళ్ళో పెట్టింది.

"నాకు హిందీ రాదమ్మాయ్. ఏం జరిగిందో నువ్వే చెప్పు."

"నాకూ రాదు నాయనమ్మా."

"వచ్చేదాకా కూర్చుందాం. నాకేం తొందర్లేదు."

నిజంగానే తొందరపడలేదు. కొంగుతో విసురుకుంటూ కూర్చుంది. చాలాసేపటికి నా నోట్లోంచి, "చావల్ మై లియా, తుమ్ నహీ" అని ఊడిపడింది. బియ్యం తీసింది నేను, నువ్వు కాదని నా ఉద్దేశం. నాగపూర్‌లో నేను మాట్లాడిన మొదటి హిందీ అదే. బాయి నవ్వలేదు. మీ అమ్మకు చెప్పావా అని అడిగింది. లేదని తలూపాను. ఆవిడ లేచి చెప్పులు వేసుకుంది.

ముగ్గురం మా ఇంటికి వచ్చాం. అమ్మ ముందు నిలబడితే, పుట్టినప్పటి నుంచి మాట్లాడుతున్న తెలుగు ఒక్క ముక్క రాలేదు. ఏడుపుతో కలిపి ఎలాగో కక్కాను. అమ్మ నన్ను కొట్టలేదు. బాయి చేతులు పట్టుకుని, తనకు వచ్చిన నాలుగు హిందీ ముక్కలతో క్షమించమంది. బాయి మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు వచ్చింది. ఆ ఆదివారం నాయనమ్మ నేను పోసినవి బస్తాలోకి తిరిగి పోసేసి, తన పిడికెళ్ళు మాత్రం నాగపూర్ చర్చిలోనే ఇచ్చింది.

తర్వాత అహ్మదాబాద్, చెన్నై, కోల్‌కతా తిరిగాను. ఏ ఊరు వెళ్ళినా అక్కడి భాషలో 'తప్పు నాదే' అనడం ముందు నేర్చుకున్నాను. ఆ ఒక్క మాటతో కొత్త వీధుల్లో నాకు మనుషులు దొరికారు. ఇప్పుడు నందిగామలో కొడుకు దగ్గర ఉంటున్నాను. చుట్టూ తెలుగే. మొన్న కోడలి మీద అన్యాయంగా విసుక్కున్నాను. ఆ మాట చెబుదామని వంటింటి గుమ్మం దాకా మూడుసార్లు వెళ్ళి వెనక్కి వచ్చాను. నాలుగోసారి లోపలికి వెళ్ళి చెప్పాను.