కొమురయ్య కాక చూసిన ఖాళీ గడి

ఒక మంచి మనిషికి తన కళ్ళ మీద తనకే నమ్మకం పోయేలా చేశాను. దొంగతనం చేసినా ఇంతకన్నా నయం. సొమ్ము తిరిగిచ్చి చేతులు దులుపుకునేదాన్ని. దీన్ని ఎలా తిరిగివ్వాలో తెలియక ఏళ్ళకేళ్ళు కడుపులో పెట్టుకుని తిరిగాను. ఇప్పుడు నా మీద నాకే విసుగు పుట్టి మీతో చెబుతున్నాను. నా పేరు మీకెందుకు లెండి. తెలియాల్సిన వాళ్ళకు తెలిసింది, ఎలాగో చివర్లో చెబుతాను.

మాది గోదావరిఖని. బొగ్గుబాయిలో పనిచేసే నా భర్త జబ్బు చేసి పోతే, ఆయన ఉద్యోగం నాకిచ్చి లాంపు రూంలో వేశారు. కిందికి దిగే ప్రతి మనిషీ టోపీకి పెట్టుకునే లైటు మా దగ్గరే తీసుకోవాలి, పైకి వచ్చాక మా దగ్గరే అప్పగించాలి. గోడ పొడుగునా ఇనుప ర్యాకు ఉంటుంది. అందులో ఒక్కో లైటుకు ఒక్కో గడి, దాని పక్కన మనిషి పేరు. షిఫ్టు అయిపోయాక గడి ఖాళీగా ఉందంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం. మా వాళ్ళు దేవుణ్ణయినా అనుమానిస్తారు గానీ ఆ గడిని అనుమానించరు.

ఇక మా మేనేజరు సారు. ఆయనకు ఒకటే పిచ్చి. తన గనిలో ప్రమాదాలే లేవనిపించుకోవాలి, రక్షణ వారోత్సవాల్లో షీల్డు ఎత్తుకోవాలి. ప్రమాదాలు జరగకుండా చూసుకోవచ్చు కదా అంటారా? అబ్బో, దానికి పని చెయ్యాలి! ఆయన దారి ఇంకా తేలిక. ఎవరికి దెబ్బ తగిలినా కంపెనీ దవాఖాన గడప తొక్కనివ్వడు. బయట డాక్టరుతో కట్టు కట్టించి జీపులో ఇంట్లో దింపిస్తాడు. మనిషి మంచం మీద ఉంటాడు, హాజరు మాత్రం గనిలో పడుతుంది. ఇంట్లో పడుకోబెట్టి జీతమిస్తే ఎవరికి చేదు? అందరూ నోరు మూసుకునేవాళ్ళు. అయితే హాజరు పడితే చాలదు, ఆ మనిషి లైటు కూడా కిందికి దిగినట్టు కనబడాలి. అక్కడే నా అవసరం పడింది. షిఫ్టు మొదట్లో ఆ లైటు తీసి బీరువాలో దాచడం, షిఫ్టు ముగిశాక మళ్ళీ గడిలో పెట్టడం. ఇదీ నేను చేసిన ఘనకార్యం.

మొదటిసారి చెప్పినప్పుడే కాదనాల్సింది. ఎందుకు అనలేదు? కాదంటే ఈ నీడపట్టు పని పోయి ఎండలో బొగ్గు ఎత్తడానికి పంపిస్తాడని భయం. అది సగం. మిగతా సగం మొహమాటం. ఆయన నన్ను "అమ్మా" అని పిలిచేవాడు, నేను కరిగిపోయేదాన్ని. నా మొహం! పైవాళ్ళకు చెప్పాలా వద్దా అని స్నానం చేస్తూ అనుకునేదాన్ని, అన్నం వండుతూ అనుకునేదాన్ని. చెబితే ఎవరికి చెప్పాలి, ఆ ఫిర్యాదు కాగితం తిరిగి తిరిగి ఆయన బల్ల మీదికే వస్తే నా గతేంటి, అసలు దెబ్బ తిన్నవాడికే లేని బాధ నాకెందుకు అనుకుంటూ, ఏమీ చెయ్యకపోవడానికి రోజుకో కారణం వెతుక్కునేదాన్ని. కారణాలకు మాత్రం నాకు ఎప్పుడూ కరువు రాలేదు.

అలాంటి రోజుల్లో సత్తన్న అనే ఆయన కాలి మీద దుంగ పడి వేళ్ళు నలిగాయి. ఎప్పటిలాగే ఇంటికి పంపారు. ఎప్పటిలాగే నేను పొద్దుటి షిఫ్టుకు ఆయన లైటు దాచాను. ఆ రోజే తనిఖీకి ఒక పెద్ద అధికారి వచ్చాడు. గనంతా పెళ్ళివారిల్లయింది. అద్దాలు తుడవమన్నారు, టీలు అందించమన్నారు, కుర్చీలకు గుడ్డలు వెయ్యమన్నారు. ఈ పరుగుల్లో పడి, షిఫ్టు ముగిసినా సత్తన్న లైటు బీరువాలోంచి తియ్యడం మరిచిపోయాను.

అప్పుడు వచ్చాడు కొమురయ్య కాక. ఆయన సర్దారు. కింద తన సెక్షన్లో పైకప్పు గట్టిగా ఉందో లేదో చూసి, ఆ తర్వాతే మనుషుల్ని పనిలోకి పంపేవాడు. తన వాళ్ళందరూ పైకి ఎక్కాకే తాను ఎక్కేవాడు. లైటు అప్పగించబోయే ముందు ర్యాకంతా ఒకసారి చూసుకోవడం ఆయనకు అలవాటు. సత్తన్నది వేరే సెక్షను, దెబ్బ తగిలిన సంగతి కాకకు తెలియదు.

"బిడ్డా, సత్తిగాని లైటు రాలేదా?" అన్నాడు.

గోడ అవతలే తనిఖీ అధికారి, మేనేజరు సారు కూర్చుని ఉన్నారు. సత్తన్న ఇంట్లో ఉన్నాడు కాకా అనాలి. అంతే, ఆ ఒక్క మాట చాలు. నోరు తెరిచాను. వచ్చింది వేరే మాట.

"రానట్టుంది కాక."

"గంత నిమ్మలంగ చెప్తవేందే! మనిషి లోపట్నే ఉండిపోతే ఎట్ల? నేను జల్ది పోయి చూసొస్త. నువ్వు ఆఫీసుల చెప్పు."

చేతిలో ఉన్న లైటు మళ్ళీ టోపీకి పెట్టుకుని గబగబా వెళ్ళిపోయాడు. నేను ఆఫీసులో చెప్పాను. అందరికీ వినబడేలా చెప్పలేదు, సారును బయటికి పిలిచి చెవిలో చెప్పాను. ఆయన మొహం నల్లబడింది. "ముందు ఆ లైటు గడిలో పెట్టు," అన్నాడు. ముందు ఆ ముసలాయన్ను వెనక్కి పిలిపించండి అని నేను అనలేదు. పరుగెత్తుకెళ్ళి లైటు పెట్టాను. జీవితంలో ఏ మంచి పనీ అంత చురుగ్గా చేసి ఎరగను.

షిఫ్టంతా పనిచేసి అలిసిపోయిన మనిషి, ఇంట్లో పడుకుని టీవీ చూస్తున్నవాణ్ణి పేరు పెట్టి పిలుస్తూ ఆ చీకటి దారులన్నీ తిరిగాడు. తడి మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. తర్వాతి షిఫ్టు వాళ్ళు స్ట్రెచరు మీద మోసుకొచ్చారు. నొప్పితో పళ్ళు బిగించి కూడా ఆయన అడిగింది ఒక్కటే. "సత్తిగాడు దొరికిండా?"

తనిఖీ అధికారి కళ్ళ ముందే జరిగింది కాబట్టి ఈ దెబ్బను దాచడం సారు వల్ల కాలేదు. లైటు రాలేదు కాబట్టే వెళ్ళానని కాక చెప్పాడు. అందరూ లాంపు రూంలోకి వచ్చారు. ర్యాకులో కాకది తప్ప పొద్దుటి షిఫ్టు లైట్లన్నీ ఉన్నాయి. ఏ లైటయినా తక్కువైందా అని అధికారి నన్ను అడిగాడు. లేదన్నాను. రాలేదని నువ్వు ఈయనతో అన్నావా అని అడిగాడు. అనలేదన్నాను.

గుమ్మం దగ్గర స్ట్రెచరు మీద ఉన్న కాక నన్ను తిట్టలేదు. మెడ ఎత్తి ర్యాకు వైపు చూశాడు, మళ్ళీ నా వైపు చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది. "నేను చూసిన గదా బిడ్డా," అన్నాడు మెల్లగా. "నువ్వే పొరపాటు పడ్డవు కాక," అన్నాను నేను. అవును, ఆ మాట కూడా అన్నాను.

కార్మికుడి పొరపాటు వల్లే ప్రమాదం జరిగిందని తేల్చేశారు. దవాఖాన నుంచి వచ్చాక కాకను సర్దారు పని నుంచి తీసేసి పైన ఒక మూల కూర్చోబెట్టారు. గేటు దగ్గర కుర్రాళ్ళకు ఆయన ఆటబొమ్మయ్యాడు. "కాకా, ఇయ్యాల ఎవల్ని ఎతుకుతున్నవే?" అని ఒకడు అంటే పదిమంది నవ్వేవాళ్ళు. సత్తన్న కూడా నవ్వాడు! అప్పుడు వాణ్ణి చూస్తే ఒళ్ళు మండిపోయేది. మరి నేను? నవ్వలేదు కదా అని నాకు నేను మార్కులు వేసుకునేదాన్ని.

అసలు దారుణం అది కూడా కాదు. తనదే పొరపాటని ఆయన నమ్మాడు. ఎక్కడ ఎదురుపడ్డా గొంతు తగ్గించి, "నిజంగ అన్ని ఉండెనా బిడ్డా?" అని అడిగేవాడు. "ఉండె కాక," అనేదాన్ని. ప్రతిసారీ అన్నాను. ఒకసారి భయంతో అబద్ధమాడటం అర్థమవుతుంది. భయం పోయాక కూడా అదే అబద్ధాన్ని పలకరింపులాగా వాడిన దాన్ని ఏమనాలి?

మొన్న కూరగాయల మార్కెట్లో కాక భార్య కలిసింది. ఆయన రిటైరై ఇంట్లోనే ఉంటున్నాడు. పొయ్యి ఆర్పానా లేదా అని మళ్ళీ మళ్ళీ లేచి చూస్తాడట. మనవరాలిని బడికి తీసుకుపోవడం కూడా మానేశాడట. "బండి ఒచ్చేది నాకు కనవడ్తదో లేదో, పోరి పానం మీదికి తెస్త అంటడు," అని చెప్పి ఆమె కళ్ళు తుడుచుకుంది. చేతిలోని సంచీ అక్కడే పడేసి పారిపోదామనిపించింది. తిరిగి వస్తుంటే మా గని గేటు మీద కొత్త బ్యానరు. ఆ మేనేజరు సారు ఇప్పుడు పెద్ద పదవిలో ఉన్నాడు. చుట్టుపక్కల గనులన్నిటికీ రక్షణ చూసేది ఆయనేనట! బ్యానరులో చేతులు జోడించి నవ్వుతున్నాడు. ఛీ అనుకున్నాను. ఆయన్ను అన్నానో నన్ను అన్నానో నాకే తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే కాక ఇంటికి వెళ్ళాను. కూర్చోమన్నా కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. బీరువా, సత్తన్న కాలు, సారు చెవిలో నేను చెప్పిన మాట, అన్నీ కక్కేశాను. "ఆ రోజు గడి ఖాళీగనే ఉండె కాక. నువ్వు మంచిగనే చూసినవు," అన్నాను.

ఆయన వంటింట్లో ఉన్న భార్యను పిలిచాడు. "మళ్ళ చెప్పు," అన్నాడు నాతో. చెప్పాను. పక్కింటి ఆయన్ను పిలిచాడు. మళ్ళీ చెప్పమన్నాడు. చెప్పాను. చెప్పినకొద్దీ నా మాటలు నాకే అసహ్యంగా వినిపించాయి. కాళ్ళ మీద పడబోతే తన చేతికర్ర అడ్డం పెట్టాడు.

"పెద్దాఫీసుల రాసిస్త కాక, సారు మీద, నా మీద," అన్నాను.

"రాసియ్యి. గానీ గా కాగితం ఆఫీసోళ్ళు సదువుకుంటరు. నన్ను చూసి నవ్వింది గేటు కాడ. గేటు కాడ చెప్పు." అంతే అన్నాడు. క్షమించానని అనలేదు. నాకు అడిగే మొహమూ లేదు.

పెద్దాఫీసులో రాసిచ్చాను. తీసుకున్నాయన కళ్ళద్దాల పైనుంచి చూసి, ఇన్నేళ్ళు ఏం చేస్తున్నావమ్మా అన్నాడు. సరైన ప్రశ్నే. నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఇంకా చెప్పలేదు. సారు మాత్రం నిక్షేపంగా కుర్చీలోనే ఉన్నాడు.

ఆ వారమే షిఫ్టుకు ముందు యూనియన్ వాళ్ళు గేటు మీటింగు పెట్టారు. మైకు అడిగి తీసుకున్నాను. కాక తన భార్య భుజం పట్టుకుని ముందు వరసలో నిలబడ్డాడు. నా పేరు చెప్పాను. చేసింది చెప్పాను. ఎవరు చేయించారో చెప్పాను. వెనక ఎవరో తిట్టారు, ఎవరో మైకు గుంజుకోండి అన్నారు. చివరి మాట దాకా వదల్లేదు. అన్నీ అయ్యాక ఎన్నాళ్ళ తర్వాతో నాకు ఊపిరి నిండుగా ఆడింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, హాయిగా అనిపించింది.

ఇటు చూస్తాడేమో అని కాక వైపు చూశాను. ఆయన నన్ను చూడటం లేదు. గుంపు వైపు తిరిగి, ఇన్నాళ్ళూ తనను చూసి నవ్విన వాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూస్తున్నాడు. ఒక్కడూ నవ్వడం లేదు.