రేడియేటరు మీద అతుకు

చింతపండుతో ఇత్తడి తోమే వాసన వస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

చిత్తూరులో మా నాయనకు రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి బుల్లి కారు ఒకటుండేది. దాని రేడియేటరుకు చిల్లు పడితే, అమ్మను ఒక్కమాటైనా అడక్కుండా ఆమె పుట్టింటి ఇత్తడి బిందెను కత్తిరించి అతుకు వేశాడు.

"నీళ్లు దేంట్లో పట్టేది?" అంది అమ్మ.

"ప్లాస్టిక్ బిందె తెచ్చినాను గదమే!"

ఆ తర్వాత అమ్మ ప్రతి గురువారం పూజసామాను తోమాక, మిగిలిన చింతపండుతో ఆ అతుకునూ మెరిసేదాకా తోమేది.

"మీయమ్మకు కారంటే ఎంత ప్రేమో సూడు!" అని నాయన మురిసిపోయేవాడు. నేనూ నమ్మాను. కళ్లుండీ చూడని దద్దమ్మలం ఇద్దరమూ.

ఆ అతుకు తప్ప, కారులో మరే భాగాన్నీ అమ్మ ఏనాడూ ముట్టలేదు.