రానివాళ్లకు ఒక సున్నా

మా మేడమ్ పోయారన్న సంగతి డిపార్ట్‌మెంట్ పంపిన ఈమెయిల్‌లో చదివాను. అప్పుడు ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో బస్సెక్కి, ముసలివాళ్లను చూసుకునే కేర్ హోమ్ షిఫ్ట్‌కు వెళ్తున్నాను. మొత్తం నాలుగు వాక్యాలు, అందులో రెండు ఆవిడ గది ఎప్పటికల్లా ఖాళీ చేయాలన్న దాని గురించే. నా మాస్టర్స్ థీసిస్‌కు గైడ్ ఆవిడ. బల్గేరియా మనిషి. అన్నేళ్లు పాఠం చెప్పిన చోట దక్కినవి ఆ నాలుగు వాక్యాలే. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఎవరి మీదో ఆ రోజు తెలియలేదు.

ఆవిడ జీవితమంతా ఒక్క ప్రశ్న వెంటే తిరిగారు. కమ్యూనిస్టు ప్రభుత్వాలు కూలాక, ఒకే రకం రోజులు చూసిన దేశాల్లో, ఒకచోట జనం ఓటుకు బారులు తీరితే పక్క దేశంలో గడప ఎందుకు దాటరు? వరంగల్ నుంచి వచ్చిన కొత్తలో నేను జీతాలు, చదువులు, వయసులు అన్నీ ఒక టేబుల్‌గా వేసి తీసుకెళ్లాను. ఆవిడ పెన్సిల్‌తో అంచున చిన్న గీత గీసి, "బాగుంది. ఇందులో మా అమ్మ ఎక్కడుంది?" అన్నారు.

పాత రోజుల్లో వాళ్ల దేశంలో ఓటుకు వెళ్లకపోతే బాక్సే ఇంటికి వచ్చేదట. చీటీ మీద ఒకటే పేరు. తెర వెనక్కి వెళ్తే అనుమానిస్తారని అందరూ ఎదురుగానే మడిచి వేసేవారు. ఒకసారి వాళ్లమ్మ జ్వరమని పడుకుంటే ఇద్దరు మనుషులు మంచం దాకా బాక్సు మోసుకొచ్చారు. అమ్మ లేవలేదు. తొమ్మిదేళ్ల మేడమ్ చేతికి చీటీ ఇచ్చి వేయించారు. సాయంత్రం రేడియోలో ఊరంతా ఓటేసిందని చెప్పారు.

ప్రభుత్వం పడిపోయాక వాళ్లమ్మ ఒక్కసారి ఇష్టపడి ఓటేశారు. పాత ఆఫీసర్లే కొత్త పార్టీ పేరు పెట్టుకుని అవే కుర్చీల్లో కూర్చున్నారు. ఇక పోలింగ్ రోజున గడియ పెట్టుకుని మిరపకాయలు ఊరగాయ పెట్టుకునేవారట. "తలుపు ఎవరూ తట్టకపోవడమే మా అమ్మకు దొరికిన స్వేచ్ఛ. దాన్ని బద్ధకం అని రాయకు" అనేవారు మేడమ్. ఓటు కుర్చీలో ఉన్నవాళ్లను నిజంగా దింపి ఇంటికి పంపిన చోట జనం మళ్లీ మళ్లీ వచ్చారని, పంపని చోట మానేశారని ఆవిడ నమ్మకం. పైగా ఊళ్లో ఓటరు లిస్టులో పేర్లుండి మనుషులు వలసపోయి ఏ లండన్ హోటల్ వంటింట్లోనో ఉంటే, వాళ్లను రానివాళ్లలో కలిపేయడం ఆవిడకు కోపం తెప్పించేది.

మేడమ్ ఇల్లు మా ఫ్లాట్‌కు రెండు వీధుల అవతల. ఇక్కడ పోలింగ్ జరిగిన ప్రతిసారీ సాయంత్రం క్లాసులయ్యాక మా వీధులవాళ్లు ఓటేసే చర్చి హాలుకు ఎదురుగా బెంచీ మీద నోటుబుక్కుతో కూర్చునేవారు. వచ్చినవాళ్లకు ఒక గీత. తనకు తెలిసి, వస్తారనుకుని రానివాళ్లకు ఒక సున్నా. ప్రతి పేజీ మొదట్లో వాళ్లమ్మ పేరు మీద ఒక సున్నా ఉండేది. "సున్నా అంటే మనిషి లేదని కాదు, ఆ మనిషి కోసం ఉంచిన చోటు" అన్నారు నాతో.

ఇన్నేళ్లున్నా ఆవిడకు ఇక్కడి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు లేదు. నిన్నగాక మొన్న వచ్చిన నాకుంది, మనలాంటి కామన్వెల్త్ దేశాలవాళ్లకు ఇక్కడ ఓటు ఇస్తారు కాబట్టి. సిటిజన్‌షిప్ తీసుకోవచ్చు కదా మేడమ్ అంటే, "చిన్నప్పుడు స్కూల్లో చేయించిన ప్రమాణాలే ఇంకా గొంతులో ఉన్నాయి, ఇంకొకటి పట్టదు" అన్నారు. నా ఓటు మాత్రం తన కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి రిజిస్టర్ చేయించారు.

ఓటు ఏ రోజు, ఎక్కడ వేయాలో చెప్తూ సిటీ కౌన్సిల్ నుంచి పోల్ కార్డు వస్తే నా రూమ్మేట్ నవ్వింది. "మనకేంది అక్కా ఈ లొల్లి? వచ్చే ఏడు వీసా ఉంటదో ఊడతదో తెల్వదు. వీళ్ల ఓట్లు మనకెందుకు?"

నేనూ నవ్వాను. కానీ మేడమ్‌కు మాటిచ్చాను, పొద్దున్నే షిఫ్ట్‌కు ముందే వేస్తానని.

తప్పు డ్యూటీ రోటా మీదికి నెట్టేయొచ్చు, కానీ పోలింగ్ రోజు నా షిఫ్ట్ మధ్యాహ్నం నుంచి. అలారం మోగింది. బయట వాన. ఓటుకు చూపించాల్సిన పాస్‌పోర్ట్ మంచం కింద సూట్‌కేసు అడుగున ఉంది. అటు తిరిగి పడుకున్నాను. అంతే జరిగింది.

వారం తర్వాత మేడమ్ గదికి వెళ్లాను. పాలు లేని టీ పోస్తూ, "వేశావా?" అన్నారు.

"పొద్దున్నే వేసేశాను మేడమ్."

"బూత్‌లో ఓటేసే పెన్సిల్‌కు ఈసారి కూడా దారం కట్టారా?"

"కట్టారు."

"మంచిది" అని టీ కప్పు నా వైపు జరిపారు. ఆ ఏడాది నా థీసిస్‌ను మూడుసార్లు దిద్దారు. ఒక్కసారి కూడా మాట తేడా రాలేదు.

ఆవిడ గది ఖాళీ చేసిన రోజున పుస్తకాలన్నీ కారిడార్‌లో ఒక బల్ల మీద పోసి, కావలసినవి తీసుకోమని కాగితం అంటించారు. ప్రజాస్వామ్యం గురించి గంటలు గంటలు మాట్లాడేవాళ్లు తమకు పనికొచ్చేవి ఏరుకుని పోయారు. నోటుబుక్కు ఎవరికీ అక్కర్లేకపోయింది. నేను తెచ్చుకున్నాను.

అన్ని పేజీలూ సాయంత్రం ఐదు నుంచే మొదలవుతాయి. నేను ఓటుకు వెళ్లని ఆ రోజు పేజీ మాత్రం ఉదయం ఏడింటికి మొదలైంది. తలుపులు తీసేసరికే వచ్చి వానలో కూర్చున్నారు, నేను పొద్దున్నే వస్తానన్నాను కాబట్టి. గీతలు మధ్యాహ్నం దాకా ఉన్నాయి. అక్కడితో ఆపేసి వెళ్లిపోయారు. అంటే టీ పోస్తూ అడిగినప్పుడే ఆవిడకు అంతా తెలుసు. ఊరంతా ఓటేసిందని రేడియోలో విన్న ఆ పిల్లకు, ఇన్నేళ్ల తర్వాత అదే అబద్ధం ఎదురుగా కూర్చుని చెప్పింది నేను.

తడిసి ఉబ్బిన ఆ పేజీలో పైన వాళ్లమ్మ సున్నా. కింద, గీతలన్నీ అయిపోయిన చోట, ఇంకొక సున్నా. దానిమీద పెన్సిల్ చాలాసార్లు తిప్పినట్టుంది, కాగితం అవతలి వైపుకు అచ్చు పడింది.