సారక్క కిటికీ దగ్గర జూలై ఇరవై ఒకటి

మణుగూరు అడవి అంచున ఉన్న మా బొగ్గు గనిలో ఆఫీసరుకైనా కార్మికుడికైనా దీపం ఇచ్చేది సారక్కే. టోపీకి తగిలించుకునే ఆ దీపం కావాలంటే మన నంబరు బిళ్ళ ఆమె కిటికీలో ఇవ్వాలి. పైకొచ్చాక దీపం అప్పజెప్పి బిళ్ళ తీసుకోవాలి. మేకుకు బిళ్ళ వేలాడుతోందంటే మనిషి ఇంకా లోపలున్నట్టే. ఆమెది దుమ్ముగూడెం. భర్త కాశయ్య ఊపిరితిత్తులు పాడై పని మానేస్తే ఆ కొలువు ఆమెకు వచ్చింది.

మావాళ్లకు పైకి రాగానే బస్సు తొందర. నలుగురి దీపాలూ ఒకడి చేతిలో పెట్టి పరుగో పరుగు. దీపం వచ్చేది, మనిషి వచ్చాడో లేదో దేవుడికెరుక. ఆమె ఎంత తిట్టినా దున్నపోతు మీద వాన. చివరికి సారక్క ఒక ఎత్తు వేసింది. ఏ రోజుకారోజు, అదే తారీఖున లోకంలో ఎప్పుడో జరిగిన సంగతులు పొద్దున్నే కిటికీ పక్కన బోర్డు మీద రాస్తుంది. వాటి మీద తన చమత్కారం మాత్రం షిఫ్టు అయ్యాక, ఎవరి దీపం వాళ్లు తెచ్చిస్తేనే చెవిలో చెబుతుంది. అది బయటపెట్టినవాడికి మర్నాడు చెప్పదు. ఇంకేం, మా గుంపంతా బుద్ధిగా లైను కట్టింది.

మొన్న జూలై ఇరవై ఒకటిన బోర్డు మీద రెండు సంగతులున్నాయి. మనిషి చందమామ మీద కాలు పెట్టిన రోజు. శ్రీలంకలో ఒక మహిళ ప్రధాని అయిన రోజు, లోకంలోనే మొదటిసారి. కొత్తగా వచ్చిన సేఫ్టీ ఆఫీసరు నాగచైతన్య అది చూసి, గని దిగేముందు ఈ వేళాకోళాలేంటని చెరిపించాడు. సత్తుపల్లి కుర్రాడు, మనసు మంచిదే, నవ్వడమే చేతకాదు. సారక్క తుడిచేసింది.

షిఫ్టు అయ్యాక వినేదేమీ లేదని అందరూ పాత బాటే పట్టారు. డ్యూటీకి ఆలస్యంగా రావడంలో పేరుమోసిన చందర్ మామ, భుజాల నిండా దీపాలు వేసుకుని కిటికీ ముందు నిలబడ్డాడు. సారక్క ఆయన దీపం ఒక్కటే తీసుకుంది.

"దీపాలొచ్చినయ్ మామా. మనుషులేరి?"

బస్సెక్కారన్నాడు. ఎక్కడం నువ్వు చూసినవా అంది. గొడవ విని వచ్చిన నాగచైతన్య మేకుల నిండా వేలాడుతున్న బిళ్ళలు చూసి తెల్లబోయాడు. లోపల ఎవరూ లేరని సంతకం పెట్టాల్సింది తనే మరి. బస్సు దగ్గరికి తనే పరుగెత్తి అందరినీ దింపి తోలుకొచ్చాడు. ఒక్కొక్కరి ముఖం చూసి, దీపం తీసుకుని, బిళ్ళ చేతికిచ్చాకే సారక్క ఊపిరి పీల్చుకుంది.

అందరి వెనకా నాగచైతన్య తన దీపం పట్టుకుని నిలబడ్డాడు. బోర్డు మీది సంగతుల తరువాయి తనకూ చెప్పమన్నాడు.

"చందమామ మీద కాలు పెట్టిండ్రు గానీ సార్, మన చందర్ మామ టైముకు డ్యూటీల కాలు పెట్టలే. ఇగ లంక అంటరా, లంకంత కొంప దిద్దుకునే ఆడోళ్లకు లంక ఒక లెక్కనా?"

ఆ కుర్రాడు నవ్వడం మేం మొదటిసారి చూశాం. నవ్వి, సుద్దముక్క అడిగి తీసుకుని, తుడిచిన బోర్డు మీద తనే రాశాడు.

"జూలై ఇరవై ఒకటి. ఈ గని దిగినవాళ్లందరూ పైకి వచ్చారు. సారక్క గారు కళ్లారా చూశారు."

ఆ బోర్డు ఇప్పుడు కిటికీ పైన మేకుకు ఉంది. సారక్క రోజూ రాసుకోవడానికి మేమే ఇంకో బోర్డు తెచ్చిపెట్టాం.