తలకిందుల దీపం

మా అక్క ఎడమ ముంజేతి మీద నేను బాల్‌పెన్నుతో ఒక దీపం బొమ్మ గీశాను. తలకిందులుగా గీశాను. అప్పుడు సాయంత్రం నాలుగు కావడానికి పది నిమిషాలుంది. అరవై దాటిన నేను ఇలాంటి పని చేస్తానని అంతకు వారం ముందు ఎవరైనా అని ఉంటే నవ్వేవాణ్ని.

ముప్పై ఏళ్లు నిజామాబాద్‌లో పత్రికల్లో పనిచేశాను. ఏ మండలం నుంచి దయ్యం వార్త వచ్చినా విలేకరిని మూడు సంగతులు అడిగేవాణ్ని. చూసిందెవరు, ఎక్కడ, ఎన్ని గంటలకు. మూడింటికీ జవాబు దొరికిన వార్త ఒక్కటీ రాలేదు, అందుకని ఒక్కటీ వేయలేదు. ఈ సంగతికి మాత్రం మూడు జవాబులూ ఉన్నాయి. చూసింది నేను. చోటు బోధన్‌లో అక్క ఇంటి గేటు. సమయం నాలుగు.

అక్క పేరు పెంటమ్మ. మా ఊరు జక్రాన్‌పల్లి దగ్గర. అమ్మకు అక్క కంటే ముందు నలుగురు పుట్టి, ఒక్కరూ ఏడాది నిండకుండానే పోయారు. అయిదో కాన్పులో అక్క పుట్టగానే మా దిక్కు అలవాటు ప్రకారం కాసేపు పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఎవరికీ అక్కర్లేని బిడ్డ అన్నట్టు ఆ పేరు పెట్టారు.

అమ్మకు అది చాలలేదు. అక్కకు మూడేళ్లప్పుడు, పచ్చబొట్లు పొడిచే ఆమె ఊళ్లోకి వస్తే, కుడి ముంజేతి మీద దీపం పొడిపించింది. ప్రమిద మోచేతివైపు, జ్వాల వేళ్లవైపు. చేయి కిందికి వదిలితే దీపం బోర్లా పడ్డట్టు ఉంటుంది. ఎదుటివాళ్లకు ఎటు చూసినా తలకిందులే. అక్క చేయి చాపి తను చూసుకుంటే మాత్రం నిలబడి ఉంటుంది.

"వచ్చేటామెకు ఆరిపోయినట్టు కనవడాలె. బిడ్డకు ఎలుగుతున్నట్టు కనవడాలె" అనేది అమ్మ. వచ్చేటామె ఎవరో ఎన్నడూ చెప్పలేదు. ఆ తర్వాత రెండేళ్లకు నేను పుట్టాను, ఆరోవాణ్ని. అప్పటికి అమ్మకు ధైర్యం వచ్చిందేమో, నాకు ఏమీ పొడిపించలేదు.

అక్క పెళ్లయి బోధన్ వెళ్లింది. బావ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఫ్యాక్టరీ మూతపడింది, కొన్నాళ్లకు బావ పోయాడు. ఇప్పుడు ఇంట్లో అక్క, మనుమరాలు శ్రావణి ఉంటారు. శ్రావణి రోజూ బస్సులో నిజామాబాద్ వచ్చి ఉద్యోగం చేసుకొని పోతుంది.

"అవ్వా, నీ దీపంల నూనె అంత కారిపోతున్నది సూడు" అని చిన్నప్పటి నుంచీ ఏడిపించేది. ఒక ఆదివారం నిజామాబాద్‌లో టాటూలు వేసే దుకాణానికి అక్కను తీసుకుపోయింది. ఆ దుకాణం అతను చెప్పిందేమిటంటే, చేయి వదిలినప్పుడు బొమ్మ ఎదుటివాళ్లకు నిలువుగా కనిపించాలి. పేరో మాటో తమకోసం చూసుకోవడానికి కావాలని తలకిందులుగా వేయించుకునేవాళ్లు కొందరుంటారు. తెలియక వేయించుకొని, దిద్దించుకోవడానికి వచ్చేవాళ్లే ఎక్కువ. అక్కది కూడా పాతకాలపు పొరపాటే అనుకున్నాడు.

అక్కడి నుంచే అక్క నాకు ఫోన్ చేసింది. "ఏమంటవ్ తమ్మీ?"

"అమ్మ పోయె, అమ్మ భయాలు పోయె. ఏపిచ్చుకో అక్కా" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

అతను పాత దీపాన్ని ముదురు ఆకుల కింద కప్పేసి, పైన నిలువుగా కొత్త దీపం వేశాడు. బాగా వేశాడు. శ్రావణి ఫొటో పంపింది.

మూడో రోజు సాయంత్రం నాలుగింటికి ఒక ఆడమనిషి అక్క గేటు దగ్గరికొచ్చి, "అయిదోది ఉన్నదా?" అని అడిగింది. అక్క ఇంటి నంబరు అనుకొని, ఇది కాదని చెప్పింది. ఆమె వెళ్లిపోయింది.

మర్నాడు అదే వేళకు మళ్లీ వచ్చింది. ఆ రోజు శ్రావణి ఇంట్లోనే ఉంది. బూడిదరంగు చీర, యాభై ఏళ్లుంటాయి, చెప్పులు లేవు, చేతిలో సంచీ కూడా లేదు అని నాకు చెప్పింది. "అయిదోది యాడున్నది?" అని ఆమె అంటే, "ఎవలు నువ్వు? ఏం గావాలె?" అని శ్రావణి గద్దించి పంపేసింది.

ఆ రాత్రి నుంచి అక్కకు జ్వరం. అన్నం ముట్టలేదు. డాక్టర్ చేయి చూసి పుండు పడలేదన్నాడు, రక్త పరీక్షల్లో ఏమీ లేదన్నాడు. నాడి మాత్రం బాగా నెమ్మదిగా కొట్టుకుంటోంది, రేపటికి తగ్గకపోతే నిజామాబాద్ తీసుకుపొమ్మన్నాడు.

"తాతా, నువ్వు జల్ది రా. అవ్వ నిన్నే అడుగుతున్నది" అని శ్రావణి పొద్దున్నే ఫోన్ చేసింది.

బస్సులో పోతూ ఒక్క సంగతే ఆలోచించాను. అక్క మా అమ్మకు అయిదో బిడ్డ అని తెలిసినవాళ్లు ఇప్పుడు ఇద్దరమే బతికి ఉన్నాం. శ్రావణికి కూడా తెలియదు.

నేను వెళ్లేసరికి అక్క మంచంలో గోడవైపు తిరిగి పడుకొని ఉంది. పెదవులు ఎండిపోయాయి. నన్ను చూసి, "తమ్మీ, నా దీపం మల్ల తిప్పు" అంది. దుకాణం అతనికి ఫోన్ చేశాను. పచ్చి చర్మం మీద నెల దాకా, జ్వరంలో అయితే ఏ చేతికీ సూది పెట్టనన్నాడు. అతని మాటలో తప్పు లేదు.

"నీ జేబుల పెన్నున్నది గదా" అంది అక్క.

"పెన్నుతోటి గీస్తే ఏమైతది అక్కా? నీళ్లు తగిలితే పోతది."

"పేపరోనివి. లేంది ఉన్నట్టు రాయరా మీరు? నా కోసం ఒక్కసారి రాయరాదు." నవ్వబోయింది, దగ్గొచ్చింది.

కుడి చేయి ఇంకా పచ్చిగా ఉంది గనుక, పక్కన కూర్చొని, ఆమె చూసినట్టే చూస్తూ ఎడమ చేతి మీద గీశాను. ప్రమిద, వత్తి, జ్వాల. జ్వాల అంచు దగ్గర పెన్ను ఒకచోట పడలేదు, ఆవగింజంత మేర గీత తెగింది. దిద్దబోయాను. అంతలో గేటు చప్పుడైంది.

శ్రావణిని లోపలే ఉండమన్నాను. అక్క నా భుజం పట్టుకొని గేటు దాకా నడిచింది. కుడి చేయి కొంగులో దాచుకొని, ఎడమ చేయి చాపింది. గేటు అవతల ఉన్నది శ్రావణి చెప్పిన మనిషే. ఆమె ఆ బొమ్మను చాలాసేపు చూసింది.

"గీ దీపం ఎప్పుడో ఆరిపోయిందే" అంది, తనలో తాను అనుకున్నట్టు. తర్వాత నావైపు చూసింది. "నువ్వెన్నోవానివి?"

బతుకంతా ఎదుటివాళ్లను ప్రశ్నలడిగినవాణ్ని. "నేను గీ ఇంటోన్ని గాదు. పని మీద వచ్చిన" అని అబద్ధం చెప్పాను.

ఆమె గల్లీ పక్కనున్న పాత చక్కెర ఫ్యాక్టరీ గోడ వెంట నడిచిపోయింది. అక్కను అరుగు మీద కూర్చోబెట్టి నేను గేటు దాటడానికి అర నిమిషం పట్టి ఉంటుంది. ఆ గోడ పొడుగునా తిరగడానికి సందు లేదు. గల్లీలో ఎవరూ లేరు.

ఎదురింటామె వాకిట్లో మిరపకాయలు ఏరుతోంది. అడిగితే, "మీరిద్దరే నిలవడ్డరు గద అన్నా. అక్క చెయ్యి సాపితే వాన పడుతున్నదా అని సూస్తుందనుకున్న" అంది. పనిలో ఉండి ఆమె చూసి ఉండకపోవచ్చు. మహారాష్ట్ర వైపు నుంచి అడుక్కునేవాళ్లు ఆ గల్లీలోకి వస్తూనే ఉంటారని కూడా ఆమే చెప్పింది. కావచ్చు. కానీ అయిదు అనే లెక్క ఆ వచ్చిన మనిషికి ఎవరు చెప్పారో నాకు తెలియదు.

చీకటి పడకముందే అక్క జొన్న గట్క అడిగి తాగింది. తెల్లారేసరికి జ్వరం లేదు.

ఇది జరిగి ఎనిమిది నెలలైంది. ఆ మనిషి మళ్లీ రాలేదు. అక్క అన్ని పనులకూ బాగానే తిరుగుతోంది. వెళ్లినప్పుడల్లా నా చేతి మీద కూడా ఒకటి గియ్యమని పోరుతుంది. వద్దంటాను గానీ, ఆమె ఇంటికి నాలుగు గంటల వేళ వెళ్లడం మానేశాను.

పోయిన నెల నిజామాబాద్‌లో చర్మం డాక్టర్‌కు అక్క ఎడమ చేయి చూపించాను. ఏమీ చెప్పకుండా చూపించాను. పాత పచ్చబొట్టు, యాభై ఏళ్ల పైమాటే, లోపలి పొర దాకా దిగింది, చిన్నప్పుడు పొడిపించుకున్నారా అని అడిగాడు.

సబ్బుతో, కొబ్బరినూనెతో, నిమ్మచెక్కతో రుద్ది చూశాం. దీపం పోలేదు. జ్వాల అంచున నా పెన్ను పడనిచోట, ఆవగింజంత గీత ఇంకా తెగే ఉంది.