కళ్లజోడు లేకుండా ఇచ్చిన లైన్ క్లియర్

మా కోడలు మేముండే హిందీవాళ్ల పేట మోప్కాలో ఒక గది అద్దెకు తీసుకుని, సాయంత్రాలు పిల్లలు చదువుకునేందుకు కంప్యూటర్లు పెట్టింది. అక్కడ సినిమాలు రావని కళ్లారా చూస్తేనే పిల్లల్ని పంపుతామని తల్లులు తేల్చేశారు. సోమవారం వస్తామన్నారు. ఆదివారం మధ్యాహ్నానికి ఆ సినిమాలను ఆపడానికి కోడలి దగ్గర ఉన్నవి పాత కంప్యూటరు ఒకటి, పెన్‌డ్రైవులో ఒక ఫైలు.

ఆ ఫైలు ప్రాక్సీ సర్వర్ ప్రోగ్రాముకు సోర్స్ కోడ్. గదిలోని కంప్యూటర్లు ఇంటర్నెట్‌లో ఏది కావాలన్నా ముందు ఈ సర్వర్‌ని అడగాలి; సినిమాలడిగితే అది ఇవ్వదు. తయారుగా దొరికేది పాతబడిందని, కోడ్ తెచ్చి తానే కంపైల్ చేసి, నడిచే ప్రోగ్రాముగా మార్చుకుంటానంది. ముందు ఆ కోడ్ అసలుదో కాదో తేలాలి. తయారుచేసినవాళ్లు తమ పేజీలో చెక్‌సమ్ అని, ఫైలుకు లెక్కగట్టిన ఒక మొత్తం పెడతారట. మన ఫైలుకు కంప్యూటరు వేసినది దానితో అక్షరం తేడా లేకుండా కలవాలి. అంకెల మధ్య అక్షరాలు దూరిన మొత్తాన్ని నేను చూడటం అదే మొదలు.

సరిచూసే పని మా ఆయన తన మీద వేసుకున్నారు. ఆయన రిటైరైన స్టేషన్ మాస్టరు. పక్క స్టేషను ఫోనులో చెప్పిన నంబరును తిరిగి అప్పజెప్పి, దారి ఖాళీగా ఉందని బండికి లైన్ క్లియర్ ఇచ్చిన మనిషి. స్క్రీన్ ముందు కూర్చున్నారు. కోడలు ఫోనులో చూసి చదవసాగింది.

"సి, సున్నా, నాలుగు, ఎఫ్."

"సి, సున్నా, నాలుగు, ఎఫ్. కరెక్ట్. పద."

చివరిదాకా అలాగే సాగింది. ఒక్కచోటా ఆగలేదు. నాకు అనుమానం వచ్చింది.

"ఏటండీ, స్క్రీన్ మీద చూసే చెప్పారా?"

"సూడకుండా ఎలా సెప్తాను?"

"మీ కళ్లజోడు ఫ్రిజ్ మీదుంది మరి."

కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మావయ్యా! నేను చెప్పిందే నాకు చెప్పేశారా?"

"ఎదుటోడు చెప్పింది తిరిగి చెప్పడమే కదమ్మా నా డ్యూటీ!"

కళ్లజోడు తెచ్చిచ్చాను. పెట్టుకుని చూశారు. మొదటి అక్షరమే వేరు.

"అచ్ఛా, ఇదేటి, ఇక్కడ తొమ్మిదుంది!"

డౌన్‌లోడ్ మధ్యలో తెగి, ఫైలు సగమే వచ్చిందని తేలింది. కోడలు మళ్లీ దించింది. ఈసారి ఆయన ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చూశారు. అన్నీ కలిశాయి. కంపైల్ మొదలైంది. నేను బియ్యం కడిగి, వండి, వార్చేదాకా స్క్రీన్ మీద వరసలు పారుతూనే ఉన్నాయి.

ఇన్‌స్టాల్ అయ్యాక, ఆ సర్వర్‌ని నడపడానికి కోడలు విడిగా ఓ యూజర్ ఖాతా పెట్టింది. దానికి తన పని తప్ప మరే అధికారమూ లేదు.

"నీ పేరు మీదే నడిపేయొచ్చు కదమ్మా?" అన్నారు ఆయన.

"గేటు తీసేవాడికి స్టేషన్ తాళాలన్నీ ఇచ్చేసేవారా మావయ్యా?"

నేను కూర కలుపుతూ నవ్వాను.

సోమవారం గదికి వచ్చిన తల్లుల్లో ఒకావిడ కుర్చీ లాక్కుని, తానే సినిమాల పేజీ కొట్టింది. స్క్రీన్ మీద ఇంగ్లీషులో ఏదో పడింది. "క్యా లిఖా హై, అంకుల్?" అంటూ అక్కడేం రాసుందో చెప్పమని మా ఆయన్ని అడిగింది. కోడలు ఆయన కళ్లకేసి చూసింది. నోరు తెరిచిన మనిషి ఆగి, జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, చివరిదాకా చదివి, అప్పుడు చెప్పారు.

"అనుమతి లేదంటోంది."

సాయంత్రం ఆవిడ కూతురే అందరికన్నా ముందు వచ్చింది.