నలభై ఇళ్ళ కాఫీ

నర్సమ్మ పోయిందన్న మాట నాకు తిరుపతిలో కాఫీ పొడి అంగడాయన చెప్పాడు. మద్రాసు నుంచి వచ్చిన ప్రతిసారీ బస్సు దిగి నేరుగా ఆ అంగడికి పోవడం, ఆమె వాడే పొడి అరకిలో పట్టించుకుని ఆమె ఇంటికి పోవడం నాకు అలవాటు. మొన్న కూడా అట్లాగే పోయి "నర్సమ్మ పొడి" అని అడిగాను. ఆయన గింజల డబ్బా మీద చెయ్యి పెట్టి ఆగిపోయాడు.

"నీకు తెలీదామ్మా? పోయి పదకొండు దినాలాయ. పొద్దున్నే కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, అట్ల గోడకానుకోని కూసునిందంట. అంతే."

ఆయన మిషను తిప్పి పొడి పట్టి, పొట్లం కట్టి నా చేతిలో పెట్టాడు. వేడిగా ఉన్న ఆ పొట్లం పట్టుకుని పట్టపగలు బజారులో ఏడుస్తూ నడిచాను. సిగ్గేమీ అనిపించలేదు.

ఆమెకూ ఒక పేరుండేది. మా వీధిలో ఎవరూ ఆ పేరుతో పిలవగా నేను వినలేదు; నర్సు పని చేసింది కాబట్టి అందరికీ నర్సమ్మే. చంద్రగిరి చుట్టుపక్కల ఊళ్ళలో ముప్పై ఏళ్ళు గర్భిణీలను, బాలింతలను చూసి రిటైరై, మా ఎదురింట్లో ఒంటరిగా ఉండేది. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు. నల్ల గొడుగు, ఖాకీ సంచి, మోకాళ్ళ నొప్పి, ఎవరినైనా నిలదీసే గొంతు. పొద్దున ఆరింటికి ఆమె ఇంటి నుంచి వచ్చే డికాషన్ వాసనకు మా నాయన లేచేవాడు.

ఎవరింటికి పోయినా ఆమె ముందు గదిలో కూర్చునేది కాదు. చెప్పులు విడిచి, "ఏం మే, ఏం వొండినావు?" అంటూ నేరుగా వంటింటి గడప దగ్గరికి పోయేది. ఒకసారి ఎందుకట్లా అని అడిగాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక గర్భిణి సంగతి చెప్పింది. మాత్రలు వేసుకుంటున్నావా అని ప్రతిసారీ అడిగేదట, ఆ పిల్ల ప్రతిసారీ వేసుకుంటున్నానమ్మా అని నవ్వుతూ చెప్పేదట. ఒకరోజు కాళ్ళు కడుక్కుందామని పెరట్లోకి పోతే, మల్లెపాదులో ఎర్ర మాత్రలు మట్టిలో కలిసి కనబడ్డాయట.

"అబద్ధం సెప్పల్లని కాదు పాపా. వద్దంటే నా మనసు నొచ్చుకుంటుందని. నోటిని అడిగితే మర్యాద సెప్తాది. సేతిని సూడల్ల."

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. అర్థం కావడానికి నలభై ఇళ్ళు తిరగాల్సి వచ్చింది.

అవి ఎనభైల మొదటి సంవత్సరాలు. నేను బి.కాం. పాసై రెండేళ్ళు ఖాళీగా ఉన్నాను. "ఈ ఏడాది సూస్తాను. ఉద్యోగం రాకుంటే ఇంగ ఇంట్లో కూసో" అని నాయన తేల్చి చెప్పేశాడు. ఆ సమయంలో మద్రాసు నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. ఏదో విదేశీ కంపెనీ వేడినీళ్ళలో కలిపితే చాలనే కొత్త కాఫీ పొడి తయారు చేసిందట. దాన్ని అమ్మే ముందు నాలుగైదు దేశాల్లో ఒకేసారి జనాన్ని అడిగి తెలుసుకుంటున్నారట. తిరుపతి, చంద్రగిరిలో నలభై ఇళ్ళకు తలా ఒక డబ్బా ఇచ్చి, ఎనిమిది రోజుల తర్వాత పోయి ఎట్లుందో అడిగి కాగితాలు నింపాలి. ప్రశ్నలు అడగడానికి నన్ను తీసుకున్నారు. ఇళ్ళన్నీ తెలిసిన మనిషి కావాలని నర్సమ్మను నా మీద సూపర్‌వైజరుగా పెట్టారు. పని బాగా జరిగితే మద్రాసు ఆఫీసులో నన్ను పర్మనెంటు చేస్తానని ఆఫీసరు మాటిచ్చాడు. ఒకటే షరతు: అన్ని దేశాల్లోనూ అవే ప్రశ్నలు, అవే మాటలు. ఒక్క అక్షరం మార్చకూడదు.

ఆ ప్రశ్నలను తెలుగులో పెట్టిన మహానుభావుడు ఎవరో గానీ, "ఈ పానీయం పట్ల మీ సంతృప్తిని ఐదు మెట్లలో ఏ మెట్టుపై ఉంచుతారు?" అని రాశాడు. మొదటి డబ్బా నర్సమ్మ ఇంట్లోనే ఇచ్చాను. ఎనిమిదో రోజు ఆమె ఎదుట కూర్చుని ఈ ప్రశ్న చదివితే, ఆమె కళ్ళజోడు సర్దుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"ఇదేం తెలుగు మే? సరే రాసుకో. శానా బాగుండాది. పైమెట్టు."

నంబరు ఒకటి, పైమెట్టు అని రాసుకున్నాను. నా జీవితంలో నేను నింపిన మొదటి కాగితం అది.

తర్వాతి ముప్పై తొమ్మిది ఇళ్ళలోనూ ఇంచుమించు అదే జవాబు. కొండ నడిచి ఎక్కే జనానికి ఐదు మెట్లు ఒక లెక్కా? అందరూ పైమెట్టే అన్నారు. నాకు కాళ్ళు నేలమీద నిలవలేదు. మద్రాసులో ఏ పేటలో గది తీసుకోవాలో కూడా ఆలోచించేశాను. కాగితాల కట్ట తెచ్చి నర్సమ్మ ముందు పెట్టాను. ఆమె ఒక్కొక్కటీ తిప్పి చూసి, చివరికి కట్ట పక్కన పెట్టి అడిగింది.

"పాపా, నువ్వు పోయిన ఇండ్లల్లో నీకు కాపీ ఇచ్చినారా?"

"ఇయ్యకుండా ఎట్లుంటారు నర్సమ్మా? బొట్టు పెట్టి మరీ ఇచ్చినారు. కాఫీలు తాగి తాగి నాకు కడుపులో మంట."

"ఏం కాపీ ఇచ్చినారు?"

ఒక్కొక్క ఇల్లే గుర్తు చేసుకున్నాను. నలభై ఇళ్ళలో ఒక్కచోట కూడా ఆ డబ్బాలో పొడి కలిపి నాకు ఇవ్వలేదు. అన్నిచోట్లా చిక్కటి డికాషన్ కాఫీ. ఆ గ్లాసు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో "కొత్త పొడి చాలా బాగుంది" అని రాసుకుంటూ వచ్చాను. ఇంతకంటే బుద్ధిలేని పని ఇంకొకటి ఉంటుందా?

"మరి ఇప్పుడేం సేయాల?" అన్నాను ఏడుపు గొంతుతో. ఆఫీసరు నాలుగు రోజుల్లో వస్తున్నాడు. ఆ కట్ట అట్లాగే ఇచ్చేస్తే నా ఉద్యోగం ఖాయం.

"నన్నేంటికి అడుగుతావు? కింద సంతకం నీది" అని ఆమె లేచి వంటింట్లోకి పోయింది. ఆమె మీద నాకు చాలా కోపం వచ్చింది. చూసీ చూడనట్టు వదిలేయొచ్చు గదా అనుకున్నాను. మరునాడు సాయంత్రం దాకా ఆ కట్ట వైపు కూడా చూడలేదు. కానీ ఎవరింటి కాగితం తలుచుకున్నా వాళ్ళిచ్చిన డికాషన్ కాఫీ గుర్తొచ్చింది. చివరికి నేనే పోయి, "రేపు మళ్ళీ పోదాం, వస్తావా?" అని అడిగాను. ఆమె మోకాళ్ళకు తైలం రాసుకుంటోంది. అంటే నేను అడగకముందే సిద్ధమవుతోంది.

రెండు రోజుల్లో అన్ని ఇళ్ళూ తిరిగాం. ఈసారి మెట్ల ప్రశ్న అడగలేదు. నర్సమ్మ వంటింటి గడప దగ్గర కూర్చుని ఒకే మాట అడిగేది: "మీ వియ్యంకులు వస్తే ఈ పొడి కలిపి ఇస్తారా?"

చంద్రగిరిలో ఒక బియ్యం వ్యాపారి భార్య ఆ మాటకు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అయ్యో నర్సమ్మా! వియ్యంకులకా? మానం పోతాది."

"మరి ఈ పాపకు శానా బాగుండాదని సెప్తివంటనే?"

"అంత ఎండలో వొచ్చి, డబ్బా సేతికిచ్చి పోయిన పిల్ల. బాగలేదని మొగం మీద ఎట్ల సెప్పేది? గూడూరు నుంచి మా ఆడబిడ్డ వొస్తే ఆ డబ్బా ఆమెకిచ్చి పంపిస్తి." ఆమె నా వైపు తిరిగి, "తప్పుగా అనుకోవద్దు పాపా" అంది. మళ్ళీ డికాషన్ కాఫీ తెచ్చి ఇచ్చింది.

ముప్పై తొమ్మిది ఇళ్ళకు కొత్త కాగితాలు నింపాను. తిరిగి వస్తుంటే, "నీది కూడా మళ్ళీ రాయాలా?" అని నర్సమ్మను అడిగాను.

"నాది రాసేసినావు గదా. దానికేమి? నడువు, బస్సు పోతాది" అంది.

ఆఫీసరు నర్సమ్మ ఇంటి దగ్గరికి వచ్చాడు, ఒంటరిగా కాదు. కంపెనీ తరఫున దేశదేశాలు తిరిగి చూసే ఒక తెల్లామెను వెంటబెట్టుకుని వచ్చాడు. రెండు కట్టలూ ఆయన చేతికిచ్చి సంగతి చెప్పాను. ఆయన ముఖం మాడిపోయింది. "ప్రశ్న మార్చొద్దని చెప్పానా లేదా? ఎవరు మార్చమన్నారు?" అని గొంతు పెంచాడు. తెల్లామె ఏమిటని అడిగింది. ఆయన చెప్పకుండా దాటేయబోతే, నాకొచ్చిన ఇంగ్లీషులో నేనే చెప్పాను. ఆమెకు సగమే అర్థమైంది. ఎవరూ బలవంతం చేయకుండానే జనం అబద్ధం ఎందుకు చెబుతారని ఆమె సందేహం.

నర్సమ్మ ఇదంతా గుమ్మంలో నిలబడి చూసింది. "ముందు కాపీ తాగమను, తరువాత మాట్లాడుదురు" అని లోపలికి పిలిచింది. నా చెవి దగ్గర, "నీ సంచిలో ఆ డబ్బా ఒకటి మిగిలింది గదా, ఇట్లియ్యి" అంది.

"నీ డబ్బా ఉంది గదా?"

"అది యాడనో పెట్టినా. ఇయ్యి మే."

రెండు డబరాల్లో రెండు కాఫీలు తెచ్చి తెల్లామె ముందు పెట్టింది. ఒకటి తన డికాషన్, ఒకటి వాళ్ళ పొడి. ఆమె మొదటిది ఒక గుక్క తాగి చాలా బాగుందంది. రెండోది తాగి అదీ చాలా బాగుందంది. నర్సమ్మ తల ఊపి, ఇక కాఫీ మాటే ఎత్తకుండా ఆమెకు ఎందరు పిల్లలు, తల్లి ఉందా, మోకాళ్ళ నొప్పికి వాళ్ళ దేశంలో ఏం మందు వాడతారు అని నా చేత అడిగించింది. పావుగంట అట్లా గడిచాక డబరాలు రెండూ వంచి ఆమెకు చూపించింది. వాళ్ళ పొడి కాఫీ డబరా ఖాళీ. డికాషన్ కాఫీ ముప్పాతిక అట్లాగే ఉండి, పైన మీగడ కట్టింది.

"ఏది బాగుండాదో ఇప్పుడు సెప్పమను పాపా" అంది నర్సమ్మ నెమ్మదిగా.

తెల్లామె ముఖం ఎర్రబడింది. తర్వాత నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. పెట్టిన వాళ్ళ ఎదుట బాగాలేదనకూడదని తన తల్లి నేర్పిందని చెప్పింది. నేను ఆ మాట తెలుగులో చెబితే నర్సమ్మ, "వాళ్ళమ్మ మంచామె" అంది. ఆ తర్వాత ఆ విదేశీయురాలు నేల మీద చాపేసుకుని కూర్చుని, రెండు కట్టలూ పక్కపక్కన పెట్టుకుని మధ్యాహ్నం దాకా చదివింది. రెండోసారి పోయినప్పుడు మీకు ఏ కాఫీ ఇచ్చారో చూడండి అనే మాట తన పుస్తకంలో రాసుకుంది. మిగతా దేశాల్లో కూడా అది చేర్పిస్తానంది.

ఇంత జరిగాక నాకు ఉద్యోగం వచ్చిందని మీరు అనుకుంటారు. రాలేదు. ఆఫీసరు ఆ చోటు ఇంకొకరికి ఇచ్చాడు. చెప్పినట్టు వినని మనిషిని ఎవరు పెట్టుకుంటారు? ఆరు నెలలు ఇంట్లో కూర్చున్నాను. మొదట్లో నర్సమ్మ ఎదురైతే తల తిప్పుకున్నాను. ఆమె మాత్రం రోజూ సాయంత్రం మా గుమ్మంలోకి వచ్చి, "పాపా, కాపీ కలిపినా, రా" అని పిలిచేది. వారం రోజులు పోలేదు. ఎనిమిదో రోజు పోయాను.

తర్వాత ఆ తెల్లామె నా పని మెచ్చుకుని రాసి పంపిన ఉత్తరం పట్టుకుని మద్రాసులో ఇంకో ఆఫీసుకు పోయి, ఇదే పనిలో కుదురుకున్నాను. పని మీద కొలంబో పోయాను, పెనాంగు పోయాను. ఒకచోట టీ, ఒకచోట సబ్బు, ఒకచోట పిల్లల పాలపొడి. భాషలు నాకు రావు, పక్కన ఎవరో ఒకరు చెప్పాల్సిందే. అయినా పోయిన ప్రతి ఇంట్లో నా కళ్ళు వంటింటి గడప వైపే పోయేవి. కొలంబోలో ఒకామె కొత్త సబ్బును తెగ పొగుడుతుంటే, పెరట్లో రాతి మీద అరిగిన పాత సబ్బు కనబడింది. నవ్వాపుకోలేకపోయాను. తిరిగొచ్చి చెబితే నర్సమ్మ, "ఆడ కూడా మల్లెపాదులు ఉండాయన్నమాట" అంది.

మొన్న ఆ పొట్లం పట్టుకునే నర్సమ్మ ఇంటికి పోయాను. ఆమె చెల్లెలి కూతురు సామాన్లు సర్దుతోంది. నన్ను చూసి కాఫీ కలిపి ఇచ్చింది. తర్వాత స్టూలెక్కి అటక మీద నుంచి ఒక గుడ్డ మూట దించింది.

"ఇది నీకియ్యమని సెప్పిందక్కా పెద్దమ్మ. లోపల ఏముండాదో తీయనిచ్చేది కాదు."

మూట విప్పాను. నేను ఇచ్చిన డబ్బా, నంబరు ఒకటి. అడ్డంగా అంటించిన కాగితం సీలు చిరగకుండా అట్లాగే ఉంది. ముప్పై తొమ్మిది ఇళ్ళ మర్యాద వెనక అబద్ధాన్ని పట్టుకున్న మనిషి, నా మొదటి ఉద్యోగం ముందు తాను కూడా "శానా బాగుండాది" అనేసింది. రుచి కూడా చూడకుండా పైమెట్టు మీద పెట్టింది. ఆ కాగితం ఒక్కటే నేను మార్చలేదు. ఆమె మార్చనివ్వలేదు.

డబ్బా మద్రాసుకు తెచ్చుకున్నాను. మా వంటింటి గూట్లో, నర్సమ్మ పొడి సీసా పక్కన ఉంది. వచ్చినవాళ్ళు ఇదేం కాఫీ, ఎట్లుంటుంది అని అడుగుతారు. మూత నేనూ తీయలేదు. చాలా బాగుంటుందని చెప్పి, వాళ్ళకు డికాషన్ కాఫీ ఇస్తాను.